ఇంటి పాత స్కూటరు: ముందు కాయితం, తర్వాత రేకు

వికారాబాద్ జిల్లాలో బంట్వారం, కోట్‌పల్లి, మర్పల్లి వైపు ఊళ్లలో కొట్టం మూలకు, కందికట్టె మోపుల పక్కన, గోనెపట్టా కప్పుకొని ఒక స్కూటరు నిలబడి ఉండటం కొత్త సంగతేమీ కాదు. నాయన కొన్నదో, తాత కొన్నదో. అమ్మడానికి మనసు రాదు, నడుపుదామంటే బండి కదలదు. పట్నంలో ఉద్యోగం చేసే కొడుకో మనవడో పండుగకు వచ్చినప్పుడు దాన్ని చూసి, బాగు చేయిద్దామంటాడు. మెకానిక్కు కబురు పోతుంది. ఆయన వచ్చి నాలుగు కిక్కులు కొట్టి, ఇంజన్ సంగతి చెబుతాడు, ఖర్చు లెక్క చెబుతాడు. పని దారి తప్పేది సరిగ్గా అక్కడే.

ఎందుకంటే పాత బండిలో అన్నిటికన్నా సులువుగా బాగయ్యేది ఇంజనే. చేతక్ లాంటి రెండు స్ట్రోకుల ఇంజన్లో కదిలే భాగాలు తక్కువ. వాల్వులు లేవు. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఆ పని తెలిసిన చేతులు వికారాబాద్, తాండూరు, జహీరాబాద్ షెడ్లలో ఇంకా ఉన్నాయి. కష్టమైనవి రెండే: ఆర్సీ కాయితం, బాడీ రేకు. కాయితం లేకుంటే బండి రోడ్డెక్కదు. రేకు పోతే ఎక్కినా నిలవదు. ఈ రెండూ చూసుకోకుండా ఇంజన్ మీద డబ్బు పోసినవాళ్లకు చివరికి మిగిలేది మంచి మోత వచ్చే కొట్టం సామాను.

ఇక్కడ చేతక్ గురించే ఎక్కువ చెబుతున్నాను. ఈ ప్రాంతపు మధ్యతరగతి ఇళ్లలో, పంతుళ్ల ఇళ్లలో, బ్యాంకు గుమస్తాల ఇళ్లలో మిగిలిన పాత బండి ఎక్కువగా అదే. జీపు, అంబాసిడర్, బుల్లెట్ ఉన్న ఇళ్లూ ఉన్నాయి. కాయితాల సంగతి వాటికీ చాలావరకు ఇదే.

బజాజ్ కంపెనీ మొదట ఇటలీలోని పియాజియో దగ్గర లైసెన్సు తీసుకుని వెస్పా స్కూటర్లు చేసేది. ఆ ఒప్పందం 1971లో ముగిసింది. మరుసటి ఏడు రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టి చేతక్‌ను బజారులోకి తెచ్చారు. పేరు మారినా రూపం వెస్పా స్ప్రింట్‌దే. అప్పటికి స్కూటరు కొనడమంటే దుకాణానికి పోయి డబ్బు కట్టి తెచ్చుకోవడం కాదు. స్కూటర్ల పంపిణీ, అమ్మకాల మీద కేంద్రం 1960లోనే నియంత్రణ ఉత్తర్వు పెట్టింది. ఎన్ని తయారు చేయాలో లైసెన్సు చెప్పేది, ఎవరికి ముందు ఇవ్వాలో కోటా చెప్పేది. బుక్ చేసినవాళ్లకు బండి చేతికి రావడానికి ఏళ్లు పట్టేది, పదేళ్ల దాకా ఎదురుచూసిన వాళ్లున్నారు. ఇంట్లో పాత రసీదులు దొరికితే పారేయకండి. బుకింగ్ తేదీకి, డెలివరీ తేదీకి మధ్య దూరం చూస్తే ఆ కాలం అర్థమవుతుంది.

మన పక్కనే మరో కథ ఉంది. జహీరాబాద్‌లో ఇవాళ మహీంద్రా నడుపుతున్న ఫ్యాక్టరీ, 1980ల్లో హైదరాబాద్ ఆల్విన్, జపాన్ నిస్సాన్ కలిసి చిన్న ట్రక్కులు చేయడానికి మొదలుపెట్టిన చోటు. ఆల్విన్ పేరు మీదే పుష్పక్ స్కూటర్లు కూడా వచ్చాయి. ఇంట్లో పుష్పక్ ఉంటే అది చేతక్ కన్నా అరుదైనది. విడిభాగాల కోసం తిరిగే తిరుగుడూ అంతే ఎక్కువ.

బజాజ్ 2009 డిసెంబరులో స్కూటర్ల తయారీ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. చేతక్ పేరు 2020లో కరెంటు బండిగా తిరిగొచ్చింది, కానీ కొట్టంలో ఉన్నదానికి దానితో చుట్టరికం పేరు వరకే.

ఆర్సీలో ఎవరి పేరుంది?

పాత స్కూటర్ల కాయితాలు చిక్కుపడటానికి ఈ వైపు ఒక ప్రత్యేక కారణం ఉంది. కట్నం పుచ్చుకోవడం 1961 నుంచీ నేరమే. అయినా స్కూటరు ఊసు లేకుండా పెండ్లి మాటలు ముగియని కాలం ఒకటి నడిచింది. మామ తన పేరు మీద బుక్ చేస్తాడు, అల్లుడు నడుపుతాడు, ఆర్సీ మామ పేరునే ఉండిపోతుంది. ఇంకొన్ని ఇళ్లలో బండి సెకండ్ హ్యాండుది. అమ్మినాయన సంతకం పెట్టిన ఫారాలు బీరువాలోనే ఉన్నాయి, ఆఫీసుకు మాత్రం ఎన్నడూ పోలేదు.

దీనివల్ల ఏమవుతుందో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే చట్టం కంటికి యజమాని ఆయనే. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత కూడా ఆయన మెడకే. అంటే మీరు సరదాగా బాగు చేయించి తాండూరు రోడ్డు మీద నడిపిన స్కూటరు ఎవరికైనా తగిలితే, ఇరవై ఏళ్ల కింద దాన్ని అమ్మేసిన మనిషి గుమ్మానికి నోటీసు పోవచ్చు.

యజమాని బతికి ఉంటే పని సులువే: ఫారం 29, ఫారం 30 మీద ఇద్దరి సంతకాలు, ఆర్సీ, ఇన్సూరెన్సు. పోయినవాళ్ల పేరు మీద ఉంటే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 56వది చూడాలి. యజమాని చనిపోయిన 30 రోజుల్లో వారసులు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తెలియజేస్తే, మూడు నెలల వరకు ఆ బండిని తమదిగానే వాడుకోవచ్చు. ఆ మూడు నెలల్లోనే ఫారం 31 ఇచ్చి పేరు మార్పించుకోవాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో స్కూటరు ఆర్సీ ఎవరికి గుర్తుంటుంది? అందుకే ఈ గడువు దాటని ఇల్లు దాదాపు ఉండదు. దాటిందని ఆశ వదులుకోనక్కరలేదు. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అభ్యంతరం లేదనే అఫిడవిట్ సిద్ధం చేసుకుని ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వేర్వేరు ఊళ్లలో ఉంటే ఆ సంతకాలకే నెలలు పడుతుంది. ఇంజన్ విప్పకముందే ఈ పని మొదలుపెట్టమనడం అందుకే.

ఆర్సీని ఇంకో చూపు చూడండి. అప్పు ఇచ్చిన సంస్థ పేరు మీద హైపోతికేషన్ అని ఉందా? ఉంటే, వాయిదాలన్నీ కట్టేసినా ఆ రాత తీసేయించాలి. దానికి ఆ సంస్థ సంతకంతో ఫారం 35 కావాలి. ముప్పై ఏళ్ల కిందటి ఫైనాన్స్ కంపెనీలు కొన్ని మూతపడ్డాయి, కొన్ని ఇంకో దాంట్లో కలిసిపోయాయి. పాత రసీదులు దాచుకున్న తాతలకు ఇక్కడ దండం పెట్టాలి.

నంబరు ప్లేటు మార్చాలేమోనని కంగారు పడేవాళ్లుంటారు. 1989కి ముందు బండ్లకు ‘ఏ’ (A) అక్షరంతో మొదలయ్యే మూడక్షరాల నంబర్లుండేవి. తర్వాత మన వైపు రంగారెడ్డి జిల్లా కింద ఏపీ 28 వచ్చింది. 2014లో టీఎస్, 2016 అక్టోబరులో వికారాబాద్ జిల్లా ఏర్పడ్డాక టీఎస్ 34, 2024 మార్చి నుంచి టీజీ 34. కొత్త అక్షరాలు కొత్త బండ్లకు. పాత నంబరు పాత బండిదే. చెప్పాలంటే ఆ పాత నంబరే బండి విలువలో ఒక భాగం.

పదిహేనేళ్లు దాటితే తుక్కేనా?

కాదు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద వచ్చిన కోర్టు ఆంక్షలు ఆ రాజధాని ప్రాంతానికి సంబంధించినవి. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటితే రెన్యూవల్ లేదన్న నిబంధన ప్రభుత్వ వాహనాలకు. ఈ రెండు వార్తలూ కలిసిపోయి, ఊళ్లలో మంచి బండ్లు పాత ఇనుము కొనేవాళ్ల పాలయ్యాయి. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆపైన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ చూసి సరేనంటే అయిదేళ్లకోసారి పొడిగిస్తారు. దరఖాస్తు ఫారం 25.

ఫీజులు మాత్రం పెరిగాయి. 2022 ఏప్రిల్‌లో స్కూటరు, మోటారు సైకిళ్ల రెన్యూవల్ ఫీజు 300 నుంచి 1,000 రూపాయలైంది, కారుకు 600 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టు ఉత్తర్వుతో ఇరవై ఏళ్లు దాటిన స్కూటరుకు 2,000, కారుకు 10,000. పైన రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్సు వేరు. అసలు దెబ్బ ఆలస్య రుసుములో ఉంది. గడువు దాటిన ప్రతి నెలకు స్కూటరుకు 300, కారుకు 500 చొప్పున నిబంధన రాశారు. అయిదేళ్లు ఊరుకుంటే స్కూటరుకు 18,000 రూపాయలు, బోరు పని ఖర్చును మించిపోతుంది. మీ బండికి ఏ నెల నుంచి లెక్క కడతారో కౌంటరులో అడిగి తెలుసుకోండి. బాగు చేయించాలా, అలంకారంగా ఉంచుకోవాలా అన్న నిర్ణయం ఆ అంకె మీదే ఆధారపడొచ్చు. నడపని బండి ఆర్సీని కూడా గడువు లోపల పొడిగించుకుంటూ రావడం చవక.

ఇన్‌స్పెక్టర్ దగ్గరికి బండి పోయినప్పుడు చాసిస్ నంబరు మీద కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు. ఆ అచ్చు, ఇంజన్ నంబరు, రంగు అన్నీ ఆర్సీతో కలవాలి. అందుకే టింకరింగ్ పనివాడి చేతికి బండి ఇచ్చేముందే ఆ నంబరు ఎక్కడుందో చూపించి, దాని మీద గ్రైండరు పెట్టవద్దని, లప్పం పూయవద్దని గట్టిగా చెప్పాలి. నంబరు చెరిగిన స్కూటరును చూస్తే దొంగ బండేమోనన్న అనుమానం వస్తుంది. తుక్కు దుకాణంలో చవగ్గా దొరికిన వేరే ఇంజన్‌ను ఆర్టీఏ అనుమతి లేకుండా బిగించడం కూడా తప్పే. బండి వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా మారేలా మార్పులు చేయకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో మరోసారి గట్టిగా చెప్పింది.

వింటేజ్ అన్న బిరుదు ఎవరికి కావాలి?

పాత బండి అనగానే వింటేజ్ అంటాం. ఎంత పాతదైతే వింటేజ్ అన్నదానికి మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. 2002 నాటి ఇన్సూరెన్స్ టారిఫ్ ప్రకారం 1940 చివరిలోపు తయారై, గుర్తింపు పొందిన క్లబ్బు ధ్రువీకరించిన కార్లే వింటేజ్. 1966లో పుట్టిన అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవాకు ముప్పై ఏళ్లు చాలు. మన కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో తెచ్చిన నిబంధనలకు యాభై ఏళ్లు దాటాలి, పైగా చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు.

ఆ లెక్కన 1970ల మొదట్లో కొన్న చేతక్‌లు ఇప్పుడిప్పుడే గీత దాటుతున్నాయి. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. కొత్తగా రిజిస్టరైతే నంబరులో వీఏ అనే అక్షరాలుంటాయి. అప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్నది తన పాత నంబరును ఉంచుకోవచ్చు. ఇంతవరకు వినడానికి బాగానే ఉంది. మెలిక తర్వాత వస్తుంది. వింటేజ్ కింద చేరిన బండిని మామూలుగా రోడ్డు మీద నడపకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, వాటికి పోయి రావడానికి, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే బయటికి తీయాలి.

హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్‌కు పోతే ఆరో నిజాం కోసం 1910ల మొదట్లో చేయించిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కనిపిస్తుంది. సింహాసనం లాంటి సీటు, దర్బారు హంగు. అది చూడటానికి పుట్టిన కారు, నడిచింది కూడా చాలా తక్కువే. ఆ కారుకు వింటేజ్ బిరుదు అతికినట్టు సరిపోతుంది. మీ నాయన చేతక్ అలాంటిది కాదు. ముందు నిలబడ్డ పిల్ల, వెనుక చంకలో చంటిదానితో అమ్మ, కాళ్ల దగ్గర కందిపప్పు సంచీ, ఇదంతా మోసుకుని వికారాబాద్ స్టేషను దాకా పోయి వచ్చిన బండి. దాన్ని వారానికోసారైనా నడపాలనుకుంటే వింటేజ్ జోలికి పోకండి. మామూలు ఆర్సీని అయిదేళ్లకోసారి పొడిగించుకోవడమే మేలు. యాభై ఏళ్లు నిండలేదని బాధపడేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. నిండకపోవడమే వాళ్ల అదృష్టం.

ఇన్సూరెన్సు విషయం ఒక్క మాటలో ముగుస్తుంది. థర్డ్ పార్టీ తప్పనిసరి. బండికి నష్టం జరిగితే వచ్చే సొమ్ము కావాలంటే, అయిదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, మీరు మాట్లాడుకుని రాసుకోవాలి. పని ముగిశాక ఫొటోలు, బిల్లులు పెట్టి మాట్లాడండి.

రేకు మాట

వెస్పాను 1946లో రూపొందించిన కొరాడినో డాస్కానియో విమానాల ఇంజనీరు. మోటారు సైకిల్‌కు ఉండే గొట్టాల ఫ్రేము ఆయన స్కూటరులో లేదు. విమానం లాగా వంచిన రేకే బండి బరువంతా మోస్తుంది. చేతక్‌దీ అదే ఒడుపు. దీని అర్థం తెలుసుకోవాలి: కాళ్లు పెట్టే చోట రేకు తిన్నదంటే అందం పోయిందని కాదు, ఎముక విరిగిందని.

తుప్పు మొదలయ్యేది కనిపించని చోట. ఫుట్‌బోర్డు మీద రబ్బరు పట్టీల కింద నీళ్లు, మట్టి చేరి ఏళ్ల తరబడి తడిగా ఉంటాయి. మధ్యలో ఎత్తుగా ఉండే సొరంగం లాంటి భాగంలోకి వెనుక చక్రం చిమ్మిన బురద పోతుంది. బ్యాటరీ పెట్టే చోట ఆమ్లం కారి రేకును తింటుంది. ఎర్రమట్టి దారుల్లో తిరిగిన బండ్లకు ఆ మట్టి మూలమూలల్లో మెత్తి ఉంటుంది. అది కడిగేదాకా లోపల ఏముందో తెలియదు. కాబట్టి ముందు పట్టీలన్నీ విప్పించి, బండిని పడుకోబెట్టి, అడుగు భాగం నీళ్లతో కడిగించండి. ఎండాక స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం కొట్టండి. గట్టి రేకు గణగణమంటుంది. తిన్న రేకు చప్పుడు చచ్చినట్టుంటుంది, పొలుసులు రాలతాయి. అలాంటి చోట రేకు కోసి, అదే మందంలో కొత్త ముక్క వెల్డింగ్ చేయించాలి. పైన లప్పం రుద్ది రంగు కొడితే ఒక వానాకాలం ఆగుతుంది, అంతే.

ఈ లప్పం రోగం మన ఒక్కరిదే కాదు. ఆసియా దేశాల నుంచి ఐరోపాకు పోయిన పాత వెస్పాలు మెరిసిపోయే రెండు రంగుల్లో ఉండి, రంగు గీకితే రెండు బండ్ల ముక్కలు అతికించి ఉన్నవని అక్కడి క్లబ్బులు ఏళ్లుగా హెచ్చరిస్తున్నాయి. హైదరాబాద్‌లో గానీ, వేరే పట్నంలో గానీ పూర్తిగా రిపేరు చేసి అమ్మే తళతళలాడే బండి కన్నా, జంగు కనిపిస్తున్న ఇంటి బండే నయం. కనీసం అందులో ఏముందో తెలుసు.

ఇంజన్ నిద్ర లేపడం

ఏళ్లుగా కదలని ఇంజన్‌ను కిక్కు కొట్టకండి. సిలిండర్ లోపల పిస్టన్ రింగులు తుప్పుతో గోడకు అంటుకుని ఉండొచ్చు. బలంగా కిక్కు కొడితే రింగు విరిగి, బోరు గీసుకుపోతుంది. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి కొద్దిగా ఇంజన్ ఆయిల్ పోసి ఒక రాత్రి ఉంచండి. మరునాడు కవరు తీసి మాగ్నెట్ ఫ్యాన్‌ను చేత్తో మెల్లగా అటూ ఇటూ కదపండి. తిరిగితే సగం గెలిచినట్టే. సైలెన్సరు మూతిలో, గాలి పీల్చే దారిలో కుమ్మరి పురుగులు కట్టిన మట్టిగూళ్లు ఉంటాయి, తీసేయాలి. వైర్లు, కేబుళ్లు ఎలుకలు కొరకకుండా మిగిలి ఉంటే అదృష్టం.

చేతక్ ఇంజన్ 145 సీసీ. బోరు 57 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరమూ 57. నాలుగు స్ట్రోకుల ఇంజన్లో అడుగున ఆయిల్ నిలవ ఉంటుంది. దీనికి ఆ ఏర్పాటు లేదు. పెట్రోలు, గాలి ముందు ఇంజన్ అడుగుకు వచ్చి, అక్కడి నుంచి పైకి పోతాయి. అందుకే పెట్రోలులోనే ఆయిల్ కలపాలి: మామూలుగా లీటరుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్. ఇప్పటి పిల్లలు మోటారు సైకిల్ అలవాటుతో ఉత్త పెట్రోలు పోసి నడిపితే కొద్ది కిలోమీటర్లలోనే పిస్టన్ పట్టేస్తుంది. ఇంట్లో అందరికీ ఈ ముక్క చెప్పి ఉంచాలి.

అడుగు భాగంలోనే పెట్రోలు గాలి ఆడుతుంది కాబట్టి అది గట్టిగా మూసి ఉండాలి. ఆ పని రెండు ఆయిల్ సీళ్లది: మాగ్నెట్ వైపు ఒకటి, క్లచ్ వైపు ఒకటి. వాడకుండా ఉంచిన బండిలో ఈ రబ్బరు సీళ్లు ఎండి గట్టిపడతాయి. క్లచ్ వైపు సీలు పోతే ఇంజన్ గేరు ఆయిల్‌ను పీల్చుకుని తెల్లటి పొగ కక్కుతుంది, గేర్ బాక్సులో ఆయిల్ తగ్గుతూ ఉంటుంది. మాగ్నెట్ వైపుది పోతే బయటి గాలిని పీలుస్తుంది. మిశ్రమంలో పెట్రోలు పలచబడి, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ అరుస్తూనే ఉంటుంది, వేడెక్కి చివరికి పట్టేస్తుంది. పొగ చూసి వెంటనే బోరు పోయిందనే మెకానిక్‌ను, ముందు సీళ్లు చూడమనండి. సీళ్లు చవక, మార్చడానికి ఇంజన్ విప్పే కూలీయే ఎక్కువ. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి బేరింగులు, క్లచ్ ప్లేట్లు కూడా అప్పుడే చూసుకోవాలి.

బోరు నిజంగా అరిగితే లేత్ మీద దాన్ని కాస్త పెద్దది చేసి, ఓవర్‌సైజు పిస్టన్ వేస్తారు. ఇలా చేయడానికి కొన్ని మెట్లే ఉంటాయి. అంతకు ముందు ఎన్నిసార్లు కొట్టించారో పిస్టన్ తల మీది అంకె చెబుతుంది. భాగాల కోసం హైదరాబాద్ పుత్లీబౌలి, సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాలున్నాయి. పోయేటప్పుడు పాత ముక్క చేతిలో ఉండాలి, కొన్నాక కూడా దాన్ని పారేయకూడదు. ఫీవా 2012లో టురిన్ పేరుతో ఆమోదించిన పత్రం సారం కూడా దాదాపు ఇదే: ఉన్నదాన్ని కాపాడటం ముందు, మార్చడం చివర, మార్చినా వెనక్కి తిప్పగలిగేలా.

కొత్త చిక్కు పెట్రోలుతో వచ్చింది. దేశంలో 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలో తేమను పీలుస్తుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంచితే నీరు విడిపోయి అడుగున చేరి, రేకు ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. పాత రబ్బరు పైపులు, కార్బొరేటర్ వాషర్లు ఉబ్బి మెత్తబడతాయి. పైపులు ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయించాలి. వాడనప్పుడు ట్యాంకు, కార్బొరేటర్ రెండూ ఖాళీ చేయాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం కొంచెం పలచబడుతుంది. అవసరమైతే జెట్టు ఒక సైజు పెద్దది వేస్తారు. సీసం లేని పెట్రోలు పాత ఇంజన్లను పాడు చేస్తుందన్న మాట అంబాసిడర్, ఫియట్ లాంటి వాల్వులున్న కార్లకు వర్తిస్తుంది, చేతక్‌కు కాదు.

పొల్యూషన్ సర్టిఫికెట్‌కు భయపడనక్కరలేదు. 2000 ఏప్రిల్‌కు ముందు తయారైన స్కూటర్లకు పరిమితి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం. సీళ్లు, కార్బొరేటర్ సరిగా ఉన్న చేతక్ ఈ పరిమితి లోపలే ఉండగలదు.

రంగు, ఆ తర్వాత రోడ్డు

రంగు ఆఖరు పని, అందరికీ ముందు గుర్తొచ్చే పని. కంపెనీ రంగు ఏదో పెండ్లి ఫొటోల్లో వెతకొద్దు, చాలావరకు నలుపు తెలుపు ఫొటోలే. పెట్రోలు ట్యాంకు ఎత్తి కింద చూడండి, ఎండా వానా తగలని అసలు రంగు అక్కడ ఉంటుంది. దాన్ని కలిపించుకోండి. వేరే రంగు వేయాలంటే ఆర్సీలో మార్పించుకోవాలి. నన్నడిగితే, రేకు గట్టిగా ఉండి, పాత రంగు మూడొంతులు నిలిచి ఉంటే పాలిష్ చేసి వదిలేస్తాను. తాత మోకాలు తగిలి అరిగిన చోటు కొత్త రంగుతో ఇక దొరకదు.

కొత్త బోరు, కొత్త పిస్టన్ ఒకదానికొకటి కుదురుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. ఆ రోజుల్లో మెకానిక్‌లు ఆయిల్ కాస్త ఎక్కువ పోయిస్తారు, ఆ మాట వినండి. ఒకే వేగంతో చాలాసేపు లాగకండి, ఇద్దరు ఎక్కకండి, వికారాబాద్ దగ్గర అనంతగిరి ఘాటు ఎక్కించకండి. ఊరి నుంచి మండల కేంద్రం దాకా, పొద్దున చల్లగా ఉన్నప్పుడు పోయి రావడం చాలు. ఎడమ చేతి రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉండాలి. పిస్టన్ పట్టేస్తే వెనుక చక్రం బిగుసుకుంటుంది. క్షణంలో క్లచ్ నొక్కగలిగితే పడిపోకుండా పక్కకు ఆపుకోవచ్చు. ఇంటికి వచ్చి ఇంజన్ చల్లారాక ప్లగ్గు విప్పి కొన చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే అంతా సరిగా ఉన్నట్టు. నల్లగా తడిగా ఉంటే ఆయిల్ గానీ పెట్రోలు గానీ ఎక్కువవుతోంది, తీరికగా సరి చేసుకోవచ్చు. తెల్లగా కాలి ఉంటే మాత్రం జెట్టు, మాగ్నెట్ వైపు సీలు చూపించేదాకా బండి బయటికి తీయకండి.